అంచనా

పోయిన ఏటి క్యాలెండరు చింపి
వెనకవైపు రాస్తాను నేను అంచనాలు.
సువార్తమ్మ పీట వేసింది, కూర్చోలేదు.
మూడు సెంట్ల స్థలం చుట్టూ
అడుగులేసి కొలిచాను.
నా పాదం సరిగ్గా పదకొండంగుళాలు,
ఏ టేపూ దానికి తప్పు పట్టలేదు ఇంతవరకు.

"ఎంతవుద్ది మేస్త్రీ?"

ఎంతవుద్దంటే ఏం చెప్పను.
మా నాన్న కాలంలో
నిట్టాడి ఒకటి, తాటి దూలాలు రెండు,
వెయ్యి ఆకు, నాలుగు మోపుల వెదురు,
కప్పిన వాళ్లకి కల్లు, చేపల పులుసు.
అదీ బిల్లు.
మూడేళ్లకోసారి ఇల్లు మళ్లీ పచ్చివాసన వేసేది.

రాజుగారి మండువా లోగిలికి
టేకు స్తంభాలు ఇరవై నాలుగు.
వానొస్తే ఇంటి నడుమ కురిసేది,
చుట్టూ కూర్చుని జీడిపప్పు ఒలుచుకునేవారట.
ఆ ఇంటిని విప్పడానికి పోయిన చైత్రంలో నేనే వెళ్లాను.
స్తంభాలు ఏదో హోటలు కొనుక్కుంది,
పెంకులు వందల లెక్కన పోయాయి.
కట్టినప్పుడు ఎంతయిందో చెప్పేవాళ్లు లేరు.
విప్పడానికి పదకొండు రోజులు, రోజుకి ఎనిమిది వందలు,
టీ వాళ్లదే.

కువైట్‌లో పద్నాలుగేళ్లు వండిపెట్టి వచ్చిన మంగాయమ్మ
డూప్లెక్సు కట్టించింది, గేటుకి రెండు సింహాలు.
చదరపడుగు రెండువేల రెండొందలు.
వంటగది మాత్రం ఎనిమిదీ ఆరూ చాలంది.
ఇంకో రెండడుగులు పెంచుదామా అంటే
జవాబు చెప్పకుండా
సింహాలకి ఏ రంగు బావుంటుందని అడిగింది.

సువార్తమ్మది కొబ్బరిపీచు కూలి.
కాలనీ ఇల్లు కింద వచ్చేది లక్షా ఎనభై,
డ్వాక్రాలో లక్ష, చెవుల్లోవి తీస్తే అరవై వేలు.
ఇరవై బై పద్దెనిమిది, రెండు గదులు, ముందు వరండా
గీసేశాను.

లంకలో లెక్క వేరు.
ఇసుకలోనే పుట్టిన ఊరు
ఇసుక కొనుక్కోవాలి.
సిమెంటు బస్తాకి గన్నవరంలో ఒక రేటు,
పంటు ఎక్కితే ఒక రేటు,
రేవులో దిగి తలమీదకెక్కితే ఇంకొకటి.
ఏరు దాటి వచ్చిన కంకర
కొత్తల్లుడిలా బెట్టు చేస్తుంది.

ఆవిడ కాగితం చూళ్లేదు.
పాత గోడ దగ్గరికి తీసుకెళ్లింది.
పాల లెక్క రాసే మసిబొగ్గుతోనే
ఏటి లెక్కా రాసుంది అక్కడ.
మోకాలి మీద రెండువేల ఆరు,
నడుం దగ్గర ఇరవై రెండు,
అన్నిటికంటే పైన, నా గడ్డానికి సరిగ్గా,
వాళ్లత్త గీసిన ఎనభై ఆరు.

"దీనికి జానెడు పైన ఉండాలి నా గచ్చు."

జానెడు. అనడానికెంతసేపు.
నల్లమట్టి నేల, లోతుగా గొయ్యి,
రాతి పునాది, చుట్టూ ఇనుప బెల్టు,
లోపల కూరడానికి మట్టి ఇరవై నాలుగు ట్రాక్టర్లు.
రాస్తూ పోయేసరికి
డబ్బంతా భూమిలోనే అయిపోయింది.
పైన మిగిలింది ఒకటే గది, పది బై పన్నెండు, రేకులు.

"ఎవరూ చూడని చోట పోసేస్తున్నావమ్మా" అన్నాను.
"ఏరు చూసుకుంటాదిలే."

పోనీ పునాది కూడా గది మట్టుకే తగ్గిద్దామంటే
ఒప్పుకోలేదు.
ఇరవై బై పద్దెనిమిదీ అలాగే లేవాలి,
గది ఓ మూలకి, మిగతాదంతా ఖాళీ గచ్చు.
"పక్కింటోళ్ల పాకలు చూశావా" అంది, అంతే.

"మెట్లెన్ని?"
"తొమ్మిది."
వేళ్లమీద లెక్కపెట్టుకుంది.
పాకలో గేదె నెమరేస్తోంది.
"అది ఎక్కుద్దా?"

ముప్పై ఏళ్ల తాపీపనిలో
మెట్టుకి రేటుంది, ఆర్చీకి రేటుంది,
సింహాలకి జతకింతని ఉంది.
కాగితం తిప్పి చూశాను,
వెనక పోయిన ఏటి ఆషాఢం ఉంది.

చెవి మీది పెన్సిలు సర్దుకుని
పాకలోకి వెళ్లి
ముందు గిట్ట నుంచి వెనక గిట్టకి టేపు పట్టాను.
తోకతో మొహం మీద ఒకటిచ్చింది.

"నాలుగడుగుల మూడంగుళాలు" అన్నాను.

"కడుపుతో ఉంది,
ఇంకాస్త వెడల్పు రాసుకో" అంది సువార్తమ్మ.