ఎనిమిదిన్నర

మార్చి అంతా నాకు సాయంత్రాలుండవు.
చుట్టుగుంట అవతల కోల్డ్ స్టోరేజిలో
తేజ టిక్కీలు దిగుతూనే ఉంటాయి,
లారీ నంబర్లు రాస్తూ తుమ్ముతూ, తుమ్ముతూ రాస్తూ నేను.
గుంటూరు సద్దుమణిగాక ఇంటికొస్తే
ఎనిమిదిన్నర సీరియల్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

కింది వాటా మస్తాన్‌బీ
మెట్ల మీద నా కోసం కాసుకుని ఉండేది,
ఒళ్ళో చేట, చేటలో రేపటి కందిపప్పు.
"విన్నావా అమ్మీ, ఆ పెద్దకోడలు ఎంత పని చేసిందో!"
చెప్పులు విప్పకముందే మొదలు.
ఆవిడ చెబితే అత్తగారు బంగళాలో ఉండదు,
నల్లచెరువు మూడో లైన్లో కుళాయి దగ్గరుంటుంది,
బిందె అడ్డం పెట్టి మరీ మాట్లాడుతుంది.

నాకేమో అనుమానం.
ఇంత బావుంటుందా ఆ సీరియల్?
ఒక్కసారి నా కళ్ళతో నేను చూడాలి.

సెట్‌టాప్ బాక్స్ వెనక ఒక చిన్న కన్నం ఉంది,
మూడేళ్ళుగా దుమ్ము తప్ప ఏమీ తినలేదది.
రాత్రి పదకొండింటికి ఫోన్ని అడిగాను,
టీవీ రికార్డు చేయడం ఎలా అని.
అది నన్నే తిరిగి అడిగింది:
డిష్షా, కేబులా, ఏ కంపెనీ, ఏ మోడలు?
బాక్స్ తిరగేస్తే అంకెల కాగితం
బొద్దింక కొరికిన చోట ఆగిపోయింది.

ఒకాయన హిందీలో పన్నెండు నిమిషాలు చెప్పాడు,
అందులో పదకొండు తన గురించే.
ఇంకొకాయన ఏకంగా రికార్డరే కొనమన్నాడు,
ధర చూసి ఫోన్ బోర్లా పెట్టాను.
ఆరేళ్ళ కిందట ఎవరో నాలాంటి మనిషి,
అచ్చం నా కష్టమే, అదే ఎర్ర లైటు,
ప్రాణం లేచొచ్చి కిందికి జరిపితే
"కుదిరింది, థ్యాంక్స్" అని రాసి వెళ్ళిపోయాడు.
ఎలా కుదిరిందో చెప్పొద్దూ!
విస్తరి ముందు కూర్చోబెట్టి
వడ్డించేవాడు చెయ్యి కడుక్కున్నట్టు.

చివరికి అరండల్‌పేటలో
నాలుగొందల యాభైకి పెన్ డ్రైవ్ కొన్నాను.
ఇందులో ఉన్నదంతా చెరిపేయమంటావా అంది టీవీ.
కొత్తదాంట్లో ఏముంటుందమ్మా, చెరిపేసుకో.
కరెంటు పోయిన రోజులు పోగా
ఇరవై మూడు ఎపిసోడ్లు.

సంగతి తెలిసి మస్తాన్‌బీ అంది:
"ఇంక నేను చెప్పేదేముంది, నీ దగ్గరే ఉంటే."
చేట తీసుకుని లోపలికెళ్ళింది.
తలుపు వెయ్యలేదు, కర్టెన్ మాత్రం లాగింది.

ఆదివారం ఒకటి పెట్టి చూశాను.
పెద్దకోడలు గుమ్మంలో నిలబడింది.
అత్తగారు చూసింది.
మామగారు చూశాడు.
ఉరుము.
పెద్దకోడలు ఇంకా గుమ్మంలోనే ఉంది.
కుళాయి లేదు, బిందె లేదు,
ఒక్కళ్ళయినా కడుపునిండా ఒక తిట్టు తిట్టలేదు.
మిగతా ఇరవై రెండూ అలాగే ఉంచాను.

ఏప్రిల్లో బాక్స్ చచ్చిపోయింది.
కేబుల్ సుభానీ కొత్తది బిగించాడు.
పెన్ డ్రైవ్ పెడితే నీలం రంగు తప్ప ఏమీ లేదు.
"ఏ పెట్టెలో ఎక్కిస్తే ఆ పెట్టెలోనే ఆడతాయక్కా,
లోపల తాళం ఉంటుంది," అన్నాడు
వైరు మోచేతికి చుట్టుకుంటూ.
ఈసారి ఫోన్ని అడగలేదు.

ఆ రాత్రి పదింబావుకి
మెట్ల మీద నేనే కూర్చున్నాను,
చెప్పులతోనే, గొంతులో కారం గరగర.
కాసేపటికి కర్టెన్ కదిలింది.
"పోయిందటగా పెట్టె?"
"పోయింది."
"ఎందాకా చూశావు?"
"పెద్దకోడలు గుమ్మంలో నిలబడిందాకా."
"ఓస్! ఆ గుమ్మం ఎప్పుడో అమ్మేశారు కదే,"
అంటూ చేట కోసం లోపలికెళ్ళింది.

నేను ఒక మెట్టు కిందికి జరిగాను.