మూలలు వదిలెయ్యి

చీమకుర్తిలో నా పని అంచులు.
కోసి తెచ్చిన పలకకి
వేలు తెగే అంచు ఉండిద్ది.
నీళ్ళు కొడతా, బిళ్ళ తిప్పుతా,
మూల మూలా గుండ్రంగా తీస్తా.
వంటింటి గట్టుకి పోయే రాయి
ఎవరి నడుముకీ గుచ్చుకోకూడదు గదా.
పద్నాలుగేళ్ళుగా ఇదే.
నల్లరాతి లోపలి బంగారు చుక్కలు
నా చేతికింద తేలినప్పుడు
ఒక్కోసారి ఇప్పటికీ మిషను ఆపి చూస్తా.

ఆ చేత్తోనే
ఆదివారం ఆదివారం మా మాల్యశ్రీ గోళ్ళు తీసేవాణ్ణి.
సగం బ్లేడుతో, మా నాయన నాకు తీసినట్టే,
మూలల్లోకంటా పోయి, గుండ్రంగా.
పాదం ఎత్తి బల్బుకేసి తిప్పి చూసుకునేవాణ్ణి.
నా పని నాకు నచ్చేది.

జూన్లో బడి బూట్లు వచ్చినయ్.
కొలత ఫిబ్రవరిలో తీసుకున్నారంట.
ఫిబ్రవరి కాలు జూన్ దాకా ఆగిద్దా?
పేపరు మీద పెన్సిలు గీత అక్కడే ఉంది,
పిల్ల గీత దాటి పోయింది.
"సరిపోయినయ్యా?" అంటే "ఆఁ" అంది.
కొత్తబూట్లు వెనక్కి తీసుకుంటారేమోనని
వేళ్ళు ముడుచుకుని ఆఁ అంది.
ఆ సంగతి నాకు అక్టోబరు దాకా తెలీలా.

వాయుగుండం పట్టింది. వారం రోజులు ముసురు.
తడి సాక్సులతోనే బడికి పోయింది,
తడి సాక్సులతోనే ఇంటికొచ్చింది.
నేను రాత్రి షిఫ్టు.
ఖోఖోలో దాన్ని అందుకునేవాళ్ళు లేరని
ఎప్పుడూ చెప్పే డ్రిల్లు అయ్యవారే ఫోన్ చేశాడు:
"నాలుగు రోజుల్నుంచి వరసలోకి రావడం లేదు,
గోడవార కూర్చుంటోంది.
కాలు చూశారా మీరు?"

చూశా.
బొటనవేలి పక్కన ఎర్రగా ఉబ్బి, చీము.
గోరు మూల చర్మంలోకి దిగబడి ఉంది.
నేను గుండ్రంగా తీసిన మూల.

సర్కారు ఆసుపత్రిలో రిబ్కమ్మ సిస్టరు
గోరువెచ్చని ఉప్పునీళ్ళల్లో కాలు పెట్టించి
పిల్లని కాదు, నన్ను అడిగింది:
"గోళ్ళు ఎవరు తీస్తారు?"
చెప్పా.
"ఏం పని చేస్తావు?"
చెప్పా.
ఆమె నవ్వలా.
"రాయి పెరగదయ్యా. గోరు పెరిగిద్ది.
మూల తీసేస్తే దారి వెతుక్కుంటా మాంసంలోకి పోద్ది.
అడ్డంగా తియ్యి. తిన్నగా.
మూలలు వదిలెయ్యి.
ఆ బూట్లు చెల్లెలికో, ఎవరికో ఇచ్చెయ్యి.
కొత్తవి కొంటే ముందు నీ వేలంత చోటుండాలి.
కాళ్ళు కడగటమే కాదు, తుడవాలి, సందుల్లో కూడా."

చీము తీసేటప్పుడు మాల్యశ్రీ ఏడవలా.
నా చొక్కా గుండీ ఒకటి ఊడొచ్చింది దాని చేతికి.

పుండు మానిందాకా ముందు తెరిచిన చెప్పులతో
బడికి రానిచ్చాడు పెద్దయ్యవారు.
సాక్సులు ఆరకపోతే
అన్నం గిన్నె మూతమీద పరిచా.
వాళ్ళమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఫ్యాక్టరీలో రెండు రోజులు చెయ్యి సాగలా.
"ఏంది అంకబాబూ, మూల వదిలేశావు?"
సూపర్‌వైజరు అరిస్తే గానీ
ఎదురుగా ఉన్నది రాయని గుర్తుకు రాలా.

ఇప్పుడు ఆదివారాలు నెయిల్ కట్టరు.
టక్. టక్. అడ్డంగా, తిన్నగా.
వేళ్ళ సందులు తుడిచి, ఆరిందో లేదో ఊదితే
చక్కిలిగింత అని కాలు లాక్కుంటది.

మొన్న అదే పేపరు పరిచి, పెన్సిలు తెచ్చి
"నువ్వు నిలబడు నాయనా" అంది.
నిలబడ్డా.
రబ్బరు బూట్లల్లో నానీ నానీ
తెల్లగా ముడతలు పడ్డ పాదాలు,
పలక పడి నల్లబడ్డ గోరు ఒకటి.
నాలుక బయటపెట్టి
నిదానంగా చుట్టూ గీత గీసింది.
గోరు దగ్గర పెన్సిలు ఆపి అడిగింది:
"ఫ్యాక్టరీలో నీ కొలత ఎవరు తీసుకున్నారు?"

ఎవరూ తీసుకోలా అమ్మా.
అక్కడ అందరికీ తొమ్మిదే.