జానెడు ఎడం

పాలకొల్లు బస్టాండు వెనక బుల్లబ్బాయి కొట్లో
నిలువెత్తు పెట్టెలు, పొట్టలో నీలం దీపాలు.
"ఊరేగింపుకా అమ్మా, పెళ్ళికా?" అన్నాడు.
నాకే, అన్నాను.
పుస్తకాల అరలో పట్టాలి.
చీటీల లెక్కల పుస్తకం, డిజైన్ల కట్ట,
మా చెల్లి వదిలేసిన నర్సింగు పుస్తకాలు
పక్కకి జరిపితే ఎంత చోటొస్తుందో అంత.
లేసు దారంతోనే కొలిచి తెచ్చాను:
ఎత్తు ఇదీ, వెడల్పు ఇదీ,
లోతు ఇదిగో, ఈ ముడి దాకా.

మొదటి జత పెట్టాడు.
"స" వచ్చినచోటల్లా సూది దిగింది.
ముప్పై ఏళ్ళు కొక్కెం సూది పట్టిన దాన్ని,
పోటంటే నాకు కొత్త కాదు,
పాటలో మాత్రం వద్దు.
"అదేనండీ క్లారిటీ అంటే" అన్నాడు.

రెండో జత.
మృదంగం కాదది,
పంటు మీంచి ఎవరో ధాన్యం బస్తాలు దొర్లిస్తున్నారు.
ఒక దెబ్బ ఆరకముందే దాని నెత్తిన ఇంకోటి.
"వాట్లు చూడండమ్మా, వాట్లు!"
వాట్లదేముంది బాబూ,
మా వీధి చివర రొయ్యల చెరువులో ఏరేటర్లున్నాయి,
రాత్రంతా ఊరికే వినిపిస్తాయి.

సంచిలోంచి సగం అల్లిన ముక్క తీసి
వెలుతురుకి పట్టి చూపించాను.
నువ్వు నాకు దారం అమ్ముతున్నావు,
నేను కన్నాలు చూస్తున్నాను.
దారం నరసాపురంలో అందరిదీ ఒకటే.
కన్నం ముద్దయిందా, ముక్క వాపసొస్తుంది.

అతను కాసేపు ఏమీ అనలేదు.
కింది అరలోంచి గోనె పట్టా తొలగించి
రెండు చిన్న చెక్క పెట్టెలు తీశాడు.
దీపాల్లేవు. ఒకదానికి మూల సొట్ట.
"భీమవరం డాక్టరుగారు పట్టుకెళ్ళి
మోత చాల్లేదని తిరిగిచ్చేశారండి."

నా పాత క్యాసెట్టు పాట పెట్టించాను.
పాట మొదలుకాకముందే
ఆవిడ పెదాలు తడుపుకోవడం వినిపించింది.
ఇటు పెట్టెలో లేదు, అటు పెట్టెలో లేదు,
రెంటికీ నడుమ, బల్ల మీద టీ గ్లాసు తప్ప
ఏమీ లేని చోట నిలబడి పాడింది.
బుల్లబ్బాయి ఆ గ్లాసు మెల్లిగా తీసేశాడు.

పదకొండు టేబుల్ క్లాతుల కూలి.
వైరుకి డబ్బులు వద్దన్నాడు.

ఇంటికొచ్చాక అతని మాటే చెవిలో:
"గోడకి ఆనించకమ్మా, గొంతు బొంగురుపోద్ది.
జానెడు ఎడం వదులు."
తెగిన హవాయి చెప్పు కోసి అడుగున ముక్కలు పెట్టాను.
చెవి ఎత్తుకి ఉండాలన్నాడు,
అర కిందికి దిగదు కదా,
నేనే పీట మీంచి కుర్చీలోకి మారాను.
వసిష్ఠ మీంచొచ్చే ఉప్పుగాలికి
లోపలి కాగితం మెత్తబడుతుందని కిటికీ మూశాను.
ఉక్కకి ఓర్చుకోలేక పది నిమిషాల్లో తీసేశాను.

సువార్తమ్మ వచ్చి విని,
"ఇంత డబ్బు పోసి మోతే లేదేంటే?" అంది.
ఇంకో పాట అయ్యేదాకా వెళ్ళలేదు కూడా.

ఆ రాత్రి చెరువుల కరెంటు పోయింది, మాది ఉంది.
అదే పాట మళ్ళీ పెట్టాను.
రెండో చరణం చివర, మృదంగం వెనకాల,
తుమ్మెద పళ్ళ మధ్య చిక్కుకున్నట్టు
ఏదో రుంయ్‌మంది.
ఆపి, వెనక్కి తిప్పి విన్నాను.
మోర్సింగు.

ఇరవై రెండేళ్ళుగా ఈ పాట నాకు కంఠతా వచ్చు.
ఇరవై రెండేళ్ళుగా ఆ మూల కూర్చుని
ఒకాయన వాయిస్తూనే ఉన్నాడు.

లేచి క్యాసెట్టు అట్ట వెతికాను.
గాత్రం, పేరుంది. వయొలిన్, పేరుంది.
మృదంగం, పేరుంది.
కళ్ళజోడు పెట్టుకుని మడతల్లో కూడా చూశాను.

అట్ట పక్కన
రేపు ఏజెంటుకివ్వాల్సిన ముక్కలున్నాయి,
ఉతికి, గంజి పెట్టి, తెల్లగా.
ఏ మూలా ఏ పేరూ లేదు.

పాట మళ్ళీ మొదటికి తిప్పాను.
ఈసారి ఆయన వచ్చేదాకా
సూది కదపలేదు.