జిగురు

ఎనిమిదేళ్ల కిందట అతికించింది నేనే.
ఇప్పుడు గోకుతున్నదీ నేనే.
సబ్బునీళ్ల సీసా, రెండంగుళాల బ్లేడు,
మూడో అంతస్తు ఎత్తున తాళ్లకు వేలాడే బల్ల.
ఎర్మోసియోలో ఆగస్టు నెల:
పొద్దున తొమ్మిదికే ఇనప పైపు
తొడుగు లేని చేతిని కరుస్తుంది.

అప్పటి మేనేజరు కాగితం చూపించాడు:
"వేడి సగానికి సగం ఆగిపోతుంది, ఎలీహియో,
కరెంటు బిల్లు కాళ్లబేరానికి వస్తుంది."
ఆగింది, కాదనను.
ఆగిన వేడి ఎక్కడికి పోతుందో
ఆ కాగితంలో లేదు.
నేనూ అడగలేదు.
చదరపు మీటరుకింత అని నా కూలి.

అది రోడ్డు దాటింది.

ఎదుటి ఫుట్‌పాత్ మీద నికనోరా బండి,
తురిమిన మంచు మీద చింతపండు రసం పోసి అమ్ముతుంది.
మూడయ్యేసరికి సూర్యుడు
ఆమె వెనకున్న గోడచాటుకు జారేవాడు.
ఆ నీడ చూసుకునే వాళ్లమ్మ అక్కడ బండి పెట్టింది.
నేను పొర వేసిన వారం నుంచీ
ఆమెకు సూర్యుళ్లు ఇద్దరు.
వీపు వెనక ఒకడు, మొహానికెదురుగా ఇంకొకడు.
గోడ నీడ గోడకే మిగిలింది.
సాయంత్రందాకా రావలసిన మంచుదిమ్మ
నాలుగింటికే కాలవలో కలిసింది.

లోపలేమో పట్టపగలే మునిమాపు.
లెక్కలు రాసే ఒర్తెన్సియా లైట్లన్నీ వేయించింది.
లైట్ల వేడికి ఏసీ పెంచారు.
పడుకున్న బిల్లు మళ్లీ లేచి కూర్చుంది.
కిటికీ పక్క కుండీలో మొక్క
అద్దం వైపు మెడ సాచి సాచి, పాలిపోయి,
ఒక శుక్రవారం చెత్తబుట్ట చేరింది.
పొరలో ఉన్న లోహపు నలుసులు
ఫోన్ల గొంతు నొక్కాయి.
పెద్ద పెద్ద ఆఫీసర్లు బయటి మెట్ల మీదికొచ్చి
ఎండలో నిలబడి
"వినపడుతోందా? వినపడుతోందా?"

రెండో వేసవిలో పదహారో అద్దం పగిలింది.
ఎవరూ రాయి విసరలేదు.
బోర్డు నీడ పడ్డ మూల చల్లగా,
మిగతా పలకంతా కాగుతూ
ఒకే గాజులో రెండు కాలాలు కాపురం చేశాయి.
టక్‌మని ఒకటే చప్పుడు.
పొర వేశారు కాబట్టి పూచీ లేదంది అద్దాల కంపెనీ.
అద్దం రకం ముందే చెప్పాల్సిందంది పొర కంపెనీ.
ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతూ ఉంటే
పగులు ఎవరినీ అడక్కుండా పెరిగింది.

అద్దంలో ఆకాశాన్ని నమ్మి వచ్చిన తెల్లరెక్కల గువ్వల్ని
నేను లెక్కపెట్టలేదు.
నికనోరా లెక్కపెట్టింది.
బండి చెక్క మీద మేకుతో గీసిన గీతలు,
పైన చేయి పెడితే గరుగ్గా తగులుతాయి.

రాత్రి ఆ అద్దం మాట మారుస్తుంది.
లోపలివాళ్లకు తమ మొహమే కనబడుతుంది,
వీధికి లోపలంతా కనబడుతుంది.
నేల తుడిచే ఫిదెన్సియా
మేనేజరు కుర్చీలో కూలబడి, చెప్పులు విప్పి,
వాచిన చీలమండలకు నూనె రాసుకుంటోంది.
ఎవరూ చూడరని ఆమె ధీమా.
బస్టాపులో నేను తల తిప్పుకున్నాను.
ఆమెకు ఎలా చెప్పను?
ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు పొర ఊదారంగుకు తిరిగింది,
బొబ్బలెక్కింది, అంచుల్లో కాలిన చర్మంలా లేస్తోంది.
లాగితే పీలికలుగా వస్తుంది.
జిగురు మాత్రం రాదు.
దాన్ని తడిపి, గోకి, మళ్లీ తడిపి,
మధ్యాహ్నానికి ఒక అరచేతి మేర తేటపడింది.
లోపల ఒర్తెన్సియా తలెత్తింది,
నన్ను కాదు, నా వెనక వీధిని చూసింది,
లేచి తన బల్ల దగ్గరి లైటు ఆర్పేసింది.

సోమవారం కొత్త పొర వస్తుందట.
కొత్త మేనేజరు కాగితం చూపించాడు,
ఈసారి పూచీ పదేళ్లు.
వేడి ఎక్కడికి పోతుందని అడిగాను.
కాగితం తిరగేసి చూశాడు.

దిగేసరికి నికనోరా గ్లాసు చేతికిచ్చింది.
మంచు ఇంకా మంచుగానే ఉంది.
డబ్బు తీయబోతే,
"సోమవారం నుంచి ఇద్దువులే" అంది.