బోనుకు బిళ్ళ

ఎనుమాముల యార్డుల కొత్త రూలు:
ప్రతి బోనుకూ ప్లాస్టిక్ బిళ్ళ,
దాని మీద ఇంటిపేరు, పేరు, ఫోన్ నంబరు.

ఇరవయ్యేండ్లు
మిర్చి బస్తాల సందుల
ఎండు చేప ఎరేసి ఎలుకల పట్టిన.
కేతిరి ఓదెలమ్మనని
ఎవలకూ తెల్వది,
ఎలుకలకు సుత.

బిళ్ళ కట్టిన మూడోనాటి రాత్రి
ఎవడో ఫోన్ జేసిండు,
"ఒక్కదానివే వస్తవా గోదాములకు?"
ఇంకొకడు ఇంటిపేరు చదివి
కులం అడిగిండు, మర్యాదగనే.

"మరి నీ నంబరేది సారూ?" అంటే
సూపర్‌వైజర్ నవ్విండు:
"నా నంబరు నీకెందుకు?"

పొద్దుగాల చూస్తె
నాలుగో షెడ్డు బోను ఖాళీ.
ఎర అట్లనే ఉంది.
బిళ్ళ మీది ఆఖరి మూడంకెలు మాత్రం
ఎలుక కొరుక్కపోయింది.

కొత్త బిళ్ళ
నేనడగలే.