అదను

బహియా బ్లాంకాకి ఉత్తరాన, మే నెల చలిలో
నెలిదా మోకాళ్ళ మీద కూర్చుని
ఇనుప తీగ చట్రంలో పచ్చటి పోచల్ని లెక్కపెడుతోంది.
పద్నాలుగు. పోయిన మంగళవారం మూడు.
లెక్కకొచ్చిన ప్రతి మొలకనీ పీకి
పాత బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది,
రెండోసారి లెక్కలో పడకుండా.

నేలలో వేలెడు లోతున పాతిన మొన
గంటగంటకీ వేడిని చదువుతుంది.
ఒక డిగ్రీ దాటినదంతా ఆమె రోజూ కూడుతుంది
చీటీ డబ్బు జమ చేసినట్టు.
నేల ఎండిన రోజున మాత్రం సున్నా.
పదును లేని వెచ్చదనం ఏ గింజకి కావాలి?

అడవి ఓట్స్ గింజకి మెలిక తోక ఒకటుంటుంది.
తడిస్తే విప్పుకుంటుంది, ఆరితే చుట్టుకుంటుంది,
మర మేకులా తనంతట తానే మట్టిలోకి దిగుతుంది.
దిగాక తొందరపడదు.
అందరూ ఒకేసారి లేస్తే ఒక్క దున్నుడుకే పోతామని
ఎవరు చెప్పారో!
ఒకటి ఏప్రిల్లో లేస్తుంది, దాని తోడబుట్టింది ఆగస్టులో,
ఇంకొకటి వచ్చే ఏడు,
ఇంకొకటి ఎప్పుడో.

గట్టు మీద ఎలూతేరియో మాతే తేనీరు పీలుస్తున్నాడు.
ట్రాక్టరుకి డీజిల్ పోసి నాలుగు రోజులైంది.
"మా పెద్దనాన్న మే ఇరవై దాటనిచ్చేవాడు కాదు."
"ఆయన కాలంలో ఇవి మందుకి చచ్చేవి."
అతను నవ్వడు.
పోయినేడు మందు తాగి కూడా పచ్చగా నిలబడ్డ చాళ్ళు
ఇంకా కళ్ళలోనే ఉన్నాయి.

"ఇంకో పదకొండు రోజులు ఆగు. నూటికి డెబ్బై పైకొస్తాయి.
రానిచ్చి దున్ను. ఆపైన విత్తు."
"వాన పడకపోతే?"
కాగితం మీద గీత ఉంది,
నెమ్మదిగా లేచి, నిటారై, చివర వాలిన గీత.
దానికి మబ్బు చూడ్డం రాదు.
ఆమె డబ్బా మూత బిగించింది.

ఏడో రాత్రి పడింది, పద్దెనిమిది మిల్లీమీటర్లు.
పదకొండో రోజు పొలం నల్లగానే ఉంది.
పన్నెండు. ఎలూతేరియో ఫోనెత్తలేదు.
పదమూడో పొద్దున పొలమంతా లేత నూగు.
మధ్యాహ్నానికి అదంతా బోర్లా పడి ఉంది.

ఆగస్టు. గోధుమ జానెడు.
చట్రంలో ఒకే ఒక్క పోచ.
వేళ్ళతో తవ్వితే, వేరు దగ్గర ఇంకా వదలని పొట్టు,
నల్లబడి, తోక విరిగి.
ఏ యేట రాలిందో, ఎన్ని దుక్కులు తప్పించుకుందో,
దాని అదను ఈరోజన్నమాట.

కాసేపు చూసింది.
పుస్తకంలో ఒకటి అని రాసుకుంది.
పీకింది.