మళ్ళీ చదవండి

కువోపియోలో ఆ చలికాలం
మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టేవాళ్ళం.
మూకీ బొమ్మలాడే హాల్లో పియానో నాది.
దానికి రెండు మెట్లు పలకవు.
ఏడుపు ఘట్టాల్లో వాటిని తప్పించి వాయించడం
వేళ్ళకే తెలిసిపోయింది.

ఆ వారం బొమ్మలో
ఓ సంచారి స్త్రీ మీద వెండి గిన్నె దొంగతనం మోపుతారు.
ఆ వేషం కట్టింది హెల్సింకి పిల్ల,
ముఖానికి మసి పూసుకుని.
ఆమె మంచులో పడిపోగానే
హాలంతా ముక్కులు చీదిన చప్పుడు,
బట్టల కొట్టు యాల్మారిది
అందరికన్నా గట్టిగా.

మొన్న సంతలో ఆ యాల్మారే
లేసులమ్మే ఇదాలియా గంప బోర్లించి
పోయిన కత్తెర కోసం వెతికాడు.
అది అతని గల్లాపెట్టె వెనకే దొరికింది.
దొరికిందని సంతకు చెప్పలేదు.
ఆ కొట్లో పనిచేసే మా చెల్లెలు నాకు చెప్పింది.
నేనూ ఎవరికీ చెప్పలేదు.

శనివారం రెండో ఆటకు
చిల్లర లెక్కపెట్టి ఇచ్చి ఇదాలియా వచ్చింది.
ఖాళీ ఉన్నది ఒక్కటే కుర్చీ.
ఆమె నల్ల మఖమల్ పావడా తగలకుండా
యాల్మారి తన కోటు అంచు
ఒళ్ళోకి లాక్కున్నాడు.

చివరి రీలు.
అసలు దొంగ దొరికాడు.
జమీందారు మోకాళ్ళ మీద పడ్డాడు,
పెదాలు కదిలాయి,
నల్లటి అట్ట మీద తెల్లటి అక్షరాలు.
హాలంతా లోలోపల చదువుకుంటోంది.
ఇదాలియాకు చదువు రాదు.
"ఏమంటున్నాడు?" అంది.
ఎవరూ పలకలేదు.
"అయ్యా, ఏం రాసుంది?"
ఈసారి పక్కకు తిరిగి.

నా చేతులు మెట్ల మీంచి లేచాయి.
కావాలనే ఆపానని చెప్పుకోవాలనుంది,
కాదు.
యంత్రం టకటక ఒక్కటే మిగిలింది.

యాల్మారి గొంతు సవరించుకున్నాడు.
"నన్ను క్షమించు, అని ఉంది."

"వినబడలేదు. మళ్ళీ చదవండి."

అప్పటికే అట్ట వెళ్ళిపోయింది.
తెర మీద ఓ గుర్రపు బండి, మంచు,
చదవడానికి ఒక్క అక్షరమూ లేదు.
అయినా అన్నాడు.
ఈసారి
"అని ఉంది" అనలేదు.

ఇదాలియా చాలాసేపు తెర వైపే చూసింది.
"ఆ పిల్ల మెడలో లేసు
చేత్తో అల్లింది కాదు, మిషనుది," అంది చివరికి.
కోటు అంచు ఎప్పుడో ఒళ్ళోంచి జారి
మఖమల్ మీద పడి ఉంది.
అతను చూసుకోలేదో, చూసీ ఊరుకున్నాడో.

నేను మళ్ళీ వాయించడం మొదలుపెట్టాను.
పలకని ఆ రెండు మెట్లనీ
ఈసారి తప్పించలేదు.
టక్, టక్ మని
కొయ్య చప్పుడే వచ్చింది.
కత్తెర సంగతి
నా నోట్లో ఇంకా అలాగే ఉంది.